లంచగొండిని జూచి నవ్విన జాలునా?

మన భాషలో సంఘసంస్కరణము నుద్దేశించి వెలసిన నాటకములను విమర్శించువారు తరచుగా రెండు ప్రశ్నలతో దృప్తి నొందుచుందురు. రచయిత వ్యావహారికము నేల చేపట్టెననునది యొకటి. స్త్రీల దుఃస్థితిని ఎంతవరకు గ్రహించెననునది రెండవది. ఇవి యోగ్యమైన ప్రశ్నలే. కాని వీనితో విచారము ముగియలేదు. ఆ నాటకములలో బాల్యవివాహముతోను వేశ్యాలోలత్వముతోను సరిసమానముగా రంగస్థలము నాక్రమించియున్న దురాచారము మరియొకటి కలదు. అది లంచము. కచ్చేరీ బంట్రోతు మొదలు పైయుద్యోగి వరకు ముట్టజెప్పుట, కూటసాక్ష్యము, దొంగదస్తావేజు — ఇవి లేక ఆ కథలు నడువనే నడువవు. కన్యాశుల్కము మన యిండ్లనుండి తొలగి, దాని పీటమీద వరకట్నము కూర్చున్నది. లంచము పీటయైనను మారలేదు. నూరేండ్లకు మించి దానిని జూచి నవ్వుచున్నాము. నవ్వి యింటికి వచ్చి, మరునాడు కచ్చేరీలో పని యున్నచో కవరులో నోట్లు పెట్టుకొని పోవుచున్నాము. మన యుత్తమగ్రంథములు ఈ విషయమున మనకేమి నేర్పినవి? ఏమి నేర్పక విడిచినవి?

కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించినప్పుడు ఉపాధ్యాయవృత్తిలో నుండిరి. చేతిలో నధికారము లేదు. వెనుక ధనబలము లేదు. ఒక పత్రికయు, దానికి అనుబంధముగా వెలువరించిన హాస్యసంజీవనియు వారి యాయుధములు. గోదావరీ మండలమందలి యుద్యోగుల యక్రమార్జనమును, న్యాయస్థానములలో జరుగు క్రయవిక్రయములను వారు నిర్భయముగా బయటబెట్టిరి. అందుచేత విరోధములను గూడ దెచ్చుకొనిరి. ‘వ్యవహారధర్మబోధిని’ ఈ పోరాటమున బుట్టినదే. దానికే ప్లీడరు నాటకమని ప్రసిద్ధి. 1880 ప్రాంతమున వారు దానిని విద్యార్థులచేత నాడించిరి. న్యాయస్థానము చుట్టు మూగి కక్షిదారుని దోచుకొనువారిని, వారు మాటలాడు భాషతోనే వేదికమీద నిలువబెట్టుట యానాటికి సామాన్యసాహసము గాదు. తెలుగువారికి పౌరధర్మమును బోధించిన తొలి పాఠ్యపుస్తకములలో దీనిని లెక్కింపవచ్చును.

అయినను దాని పద్ధతిని పరిశీలింపవలసియున్నది. ప్రహసనమునకు మూలమైన నమ్మకమేమి? దోషమును బయలుపరచినచో దోషి సిగ్గుపడును, చూచువాడు జాగ్రత్తపడును అని. ఇందు రెండవది కొంత నిజము. మొదటిది మాత్రము సందేహాస్పదము. మనుష్యుడు తనవారి యెదుటనే గాని పరుల యెదుట సిగ్గుపడడు. లంచము పుచ్చుకొనువానికి తనవారెవరు? అదే కచ్చేరీలో, అదే విధముగా పుచ్చుకొను తోడివారు. వారి నడుమ నది దోషము కాదు, మామూలు. ఈ మాటను గొంచెము విచారింపుడు. వాడుక, ఆచారము అను నర్థముగల పదమునే మనము లంచమునకు బేరుగా బెట్టుకొంటిమి. భాషయే క్షమించి విడిచిపెట్టిన నేరమునకు సిగ్గెక్కడినుండి పుట్టును? ప్రేక్షకుడు నవ్వును, దోషి యా ప్రేక్షకుల నడుమ గూర్చుండి వారితోపాటు నవ్వును.

గురజాడ అప్పారావుగారు ఈ సంగతిని మరింత లోతుగా గ్రహించిరి. 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో మిక్కిలి మార్పునొంది వెలువడిన ‘కన్యాశుల్కము’నందు లంచము ఒక వృత్తివారి దోషము గాదు, ఊరిజనుల జీవనవిధానము. రామప్పంతులు ఉద్యోగి కాడు. ఉద్యోగికిని గృహస్థునకును నడుమ నిలిచి యిరువైపుల దినువాడు. దస్తావేజు పుట్టించుట, సాక్షిని దిద్దుట, పైవారికని చెప్పి సొమ్ము లాగుట — ఇదియే యాతని సేద్యము. ఈ సేద్యమునకు నీరుపెట్టు వారెవరు? వ్యాజ్యములయందు మోజుగల అగ్నిహోత్రావధాన్లు, రూపాయిని జారవిడువలేని లుబ్ధావధాన్లు. ఇరువురును వేదము చదివినవారు, ఊరిలో పెద్దమనుష్యులు. పెండ్లికూతురి వేషమున వచ్చిన బాలుడు మాయముకాగా, పిల్లను జంపినాడను నింద లుబ్ధావధాన్లపై బడును. లేని పిల్లకు హత్యాభియోగము పుట్టినది! ఎవరికి దోచినంత వారు దానిమీద సంపాదింప జూతురు. పిల్లను గొనుటయందు దాను జేసిన తప్పు మనసులో నున్నవాడగుటచేత అవధాన్లు దేనికైనను వెఱచును. ఆ వెఱపే మధ్యవర్తికి మాన్యము. లంచమునకు మూలము పుచ్చుకొనువాని యాశ యొక్కటియే కాదనియు, ఇచ్చువాని గుప్తదోషము గూడ ననియు ఇంత స్పష్టముగా జెప్పిన తెలుగు రచన మరియొకటి నాకు గనబడలేదు.

ఇంతవరకు మహాకవి దృష్టికి దిరుగులేదు. కాని కథలోని ముడి విప్పిన తీరును జూడుడు. నిజము బయటపడినదెక్కడ? న్యాయస్థానమున గాదు, రచ్చబండ యొద్ద గాదు. విశాఖపట్టణమున సౌజన్యారావు పంతులు యింట, ఏకాంతమున, ఒక వకీలుతో నొక వేశ్య చెప్పిన మాటవలన. సౌజన్యారావు ధర్మాత్ముడు, మధురవాణి వివేకవతి. అందుచేత లుబ్ధావధాన్లకు ఆపద తొలగు దారి యేర్పడును. గిరీశము బండారము బయటపడును. మంచిదే. కాని రామచంద్రపురపు వీథిలో నెవరును దీనిని వినలేదు. అచ్చటివారికి నిజము తెలిసిన రంగము నాటకమున లేదు. రామప్పంతులుకు రేపటి బేరము నిలిచియేయున్నది. ఇది శిల్పలోపమని నేననను. కవి తన కాలమును ఉన్నదున్నట్లు చూపెను: నాడు ఊరు కూర్చుండి వినుటకు వేదిక లేదు; ఒక మంచి వకీలు, ఒక తెలివిగల స్త్రీ దొరకుటయే గతి. నేడును అదియే గతియని మనము తలంచుట మన లోపము. ఎవరో యొక సౌజన్యారావు వచ్చి యుద్ధరించునని ఎదురుచూచుట ప్రజాస్వామ్యమున పౌరుని లక్షణము గాదు.

ఆ గ్రంథమునకే చేరియున్న వేరొక సాధనమును ఇచ్చట జ్ఞాపకము చేసికొనవలెను. 1897 నాటి ముద్రణమునకు అప్పారావుగారు వ్రాసిన యాంగ్లపీఠికలో నొక జాబితా ప్రసక్తి కలదు. విజయనగర మహారాజుగారి యాజ్ఞచేత విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో బ్రాహ్మణకుటుంబములందు జరిగిన శుల్కవివాహములను లెక్కింపగా 1034 తేలినవట. అందు ఐదేండ్ల పిల్లలు 99 మంది. ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల 350 మొదలు 400 రూపాయల వరకు. ఏ యుపన్యాసమును ఈ యంకెలకు సాటిరాదు. కాని యీ లెక్క ఎవరికొరకు? మహారాజు కొరకును, ఇంగ్లీషు చదివినవారి కొరకును. లెక్క ఊళ్లనుండి పైకి బోయెను. పైనుండి మరల నూళ్లలోనికి దిగివచ్చి, ఆ యగ్రహారములలో నలుగురి యెదుట చదువబడుటకు అది వ్రాయబడినది గాదు. మన సంస్కరణోద్యమమున నవ్వు ఊరిలో మిగిలినది, లెక్క ఆస్థానమున మిగిలినది.

ఈ వేర్పాటు మిక్కిలి ప్రాచీనమైనది. కౌటిల్యుడు అర్థశాస్త్రమున ఉద్యోగులు రాజధనమును హరించు విధములను నలువదిగా లెక్కించెను. అంతటితో నాగక, ఒక యధికారిపై నభియోగము వచ్చినప్పుడు, అతనివలన నష్టపడినవారు వచ్చి చెప్పుకొనవలసినదని ఆతని యధికారపరిధిలో చాటింపవలెననియు, చెప్పుకొన్నవారికి నష్టము తీర్పవలెననియు విధించెను. రహస్యమును దెలిపిన సూచకునకు ఆరవ పాలు బహుమానము. ఎంతటి యాధునికబుద్ధి! అయినను అందు ప్రజ చెప్పుకొనునది రాజుతో. తమలో దాము గాదు. విన్నది రాజు; తీర్చినది రాజు. ఊరు మరల మౌనము వహించును.

ఈ మౌనము వీడిన తీరును మన కాలమున రాజస్థానము చూపినది. 1990లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వారు 1994 డిసెంబరులో కోట్‌కిరానా గ్రామమున మొదటి ‘జన్ సున్‌వాయీ’ జరిపిరి. జనులు వినుట యని దాని యర్థము. వారు చేసిన పని చూచుటకు స్వల్పము: కూలీల హాజరుపట్టీలను, ఖర్చుల రసీదులను సంపాదించి, ఆ కూలీల యెదుటనే పైకి చదివిరి. పనికి రానివారి పేర్లు పట్టీలో నుండెను. పనిచేసినవారికి దక్కినది వేరు, వ్రాసినది వేరు. ఇచ్చట హాస్యము లేదు, ఉపదేశము లేదు. ఒక పేరు, ఒక యంకె, “ఇది నిజమా?” అను ప్రశ్న. సమాధానము చెప్పువాడు సాక్షిగా దిద్దబడినవాడు గాదు. ఆ పేరుగల మనిషియే. లెక్కలు చూచు హక్కు కొరకు 1996లో బ్యావర్ పట్టణమున నలువది దినములు ధర్నా నడచినది. 2005 నాటి సమాచారహక్కు చట్టమునకు దారితీసిన యుద్యమములలో నిది ముఖ్యమైనది.

ఆ దారి తెలుగునాటికిని వచ్చినది. 2005 నాటి గ్రామీణ ఉపాధిహామీ చట్టములోని 17వ విభాగము పనుల సామాజిక తనిఖీని గ్రామసభకు అప్పగించెను. దీనిని 2006లో ఆరంభించి, 2009లో ప్రత్యేక సంస్థనే స్థాపించిన నాటి యుమ్మడి ఆంధ్రప్రదేశము ఇతర రాష్ట్రములకు మార్గదర్శకమయ్యెను. కూలీల కుటుంబములలోని యువతీయువకులు శిక్షణ నొంది, ఇంటింటికి దిరిగి పట్టీలోని పేరును మనిషితో సరిచూచి, మండలమున ప్రజావేదికయందు ఫలితమును జదివిరి. ఆరోపణకు గురియైనవాడు అచ్చటనే సమాధానము చెప్పుకొనవచ్చును. గురజాడవారి నాటకమున లేని రంగ మిదియే: ఊరు కూర్చుండి విన్న రంగము.

దీనితో లంచము నశించెనని చెప్పుట యసత్యము. అక్రమమని తేలిన సొమ్ములో తిరిగి వసూలైనది స్వల్పభాగమే. దోచువారు క్రొత్తదారులు వెదకుకొనిరి. సాక్ష్యము చెప్పిన కూలి మరునాడు ఆ మేస్త్రీ యొద్దకే పనికి బోవలసియుండును. అతని భయము చట్టముతో దీరునది గాదు, ప్రక్కన నిలుచువారితో దీరునది. అందుకనియే ఈ పని ఒంటరివానికి గాక సంఘమునకు జెందినది. గ్రామకక్షలకు ఇది సాధనము కాదా యని కొంద రడుగుదురు. కావచ్చును. కాని చాటున బుట్టిన పుకారుకంటె కాగితము చేతబట్టి నలుగురిలో జేసిన యారోపణము కక్షకు తక్కువ యనుకూలము. దానికి బదులు చెప్పుటకు వీలుండును.

ఇక సాహిత్యమునకు దీనితో నేమి పని? నాటకము జమాఖర్చు పుస్తకము కావలెనని నేను గోరను. నవ్వు లేనిదే మనకు దోషము కనబడదు. వీరేశలింగంగారికిని గురజాడవారికిని మన మెన్నడును ఋణపడియే యుందుము. కాని కనబడిన తరువాత నడుగు లెక్కది. మన పాఠశాలలలో పౌరశాస్త్రము చదువు బాలుడు శాసనసభకు సభ్యుల సంఖ్యను జెప్పును. తన పంచాయతీ నిరుడు దీపములకు ఎంత వ్యయము చేసెనో యెరుగడు. తెలుగువాచకమున రామప్పంతులు పాత్రౌచిత్యమును పది మార్కులకు వ్రాయును. తన తండ్రి పట్టాదారు పుస్తకము కొరకు ఏ రామప్పంతులును ఆశ్రయించెనో అడుగడు. ఇల్లు గూడ ఈ విద్యకు పాఠశాలయే. 2018లో సవరింపబడిన అవినీతి నిరోధక చట్టము లంచమిచ్చుటను గూడ నేరముగా నిర్ణయించినది. బలవంతముచేత నిచ్చినవాడు ఏడు దినములలో ఫిర్యాదు చేసినచో నేరము నంటదు. ఈ యొక్క వాక్యము ఎన్ని యిండ్లలో భోజనసమయమున చెప్పుకొనబడినది?

1914లో బెజవాడయందు గ్రంథాలయసంఘము నేర్పరచుకొన్న జాతి మనది. చదువరానివారికి పత్రికను జదివి వినిపించుట నాటి గ్రంథాలయసేవలో నొక భాగము. ఆ సంప్రదాయమునకు నేడొక చిన్న పని నప్పగింపవచ్చును. పంచాయతీ వార్షికలెక్కలు గ్రామసభ ముందు రావలెనని 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము విధించినది. అవి రానిచో, సమాచారహక్కు క్రింద దరఖాస్తు పెట్టి తెప్పింపవచ్చును. ఊరి గ్రంథాలయమందో, బడి వార్షికోత్సవమందో ‘కన్యాశుల్కము’ నాడినప్పుడు, ఆట ముగియగానే దీపములార్పవలదు. ప్రేక్షకులను మరి యరగంట కూర్చుండనిచ్చి, పదవ తరగతి బాలిక యొకతె ఆ లెక్కలను బిగ్గరగా జదువవలెను. వీథిదీపములకింత, కాలువ పూడికకింత, గ్రంథాలయపు పన్ను వసూలింత. నవ్వినవారే వినుచుందురు. విన్నవారిలో నొక్కడు లేచి, “ఆ కాలువ మా యింటి ముందరిదే, పూడిక తీసినదెప్పుడు?” అని యడిగినచో, నాటక మా రాత్రి యూరికి జేరినట్లు.