ఒక దుంగ, రెండు కర్రలు, ఒక తెరచాప

మడగాస్కర్ నైరుతి తీరంలో తులియారా నుంచి ఉత్తరాన మురుండవా వైపు సాగే సముద్రం మీద తెల్లవారేసరికి నలుచదరపు తెరచాపలు కనిపిస్తాయి. వాటిని మోసే పడవ పేరు లకన. దాన్ని నడిపే జాలరులు వేజూలు. రాతలో ఈ పేరు చివర ‘ఓ’ ఉంటుంది కానీ మలగాసీ భాషలో ఆ అక్షరాన్ని ‘ఊ’ అని పలుకుతారు. ‘తెడ్డు వెయ్యి’ అని పురమాయించే మాటే జాతి పేరుగా నిలిచిందని వాళ్లే చెబుతారు.

లకన పుట్టేది సముద్రం ఒడ్డున కాదు, లోపలి ఎండు అడవిలో. అక్కడ ఫరఫాత్సే అనే చెట్టు పెరుగుతుంది. దాని కొయ్య బెండులా తేలిక. మానును పడగొట్టి, అక్కడే సగం తొలిచి, బరువు తగ్గాక ఎడ్లబండి మీద తీరానికి తెస్తారు. మిగతా చెక్కుడు పని ఊళ్లో జరుగుతుంది. తొలిచిన దుంగ అంచుల మీద పలకలు బిగించి గోడలు ఎత్తు చేస్తారు. పడవ మీదుగా రెండు అడ్డుకర్రలు వేసి, వాటి కొసలకు ఒక పక్కన మాత్రమే తేలే దుంగను తాళ్లతో కట్టేస్తారు. సన్నని పడవ బోల్తా పడకుండా ఆపేది ఈ పక్కదుంగే. మలగాసీ భాషకు దగ్గరి చుట్టాలు బోర్నియో దీవిలో ఉన్నాయి. శతాబ్దాల కిందట ఆ భాషతో పాటు సముద్రం దాటి వచ్చిన విద్య ఇది. తెలుగు తీరంలో పక్కదుంగ వాడుక లేదు, ఇక్కడి తెప్ప నాలుగైదు దుంగల కట్టు. అయినా రెండింటికీ ఒక పోలిక ఉంది. తేలిక కొయ్య నీళ్లు తాగుతుంది కాబట్టి పని అయిపోగానే తెప్పనైనా లకననైనా ఇసుక మీదికి లాగి ఆరబెట్టాల్సిందే. ఇంత శ్రద్ధ తీసుకున్నా లకన కొన్నేళ్లకు మించి బతకదు.

తెరచాప కట్టే తీరులో అసలు నేర్పు ఉంది. ఇక్కడ ఒంటి స్తంభం ఉండదు. రెండు పొడవాటి కర్రల మొదళ్లను పడవ అడుగున బిగించిన చెక్క గుంటల్లో నిలిపి, పై కొసలను విడదీస్తారు. ఆ రెండు కొసల మధ్య చాప విచ్చుకుంటుంది. గాలి పక్క మారితే కర్రల మొదళ్లను వేరే గుంటల్లోకి మార్చి, తాళ్లు సవరించి, చాప వాలును తిప్పుతారు. చుక్కాని లేదు. వెనక కూర్చున్నవాడి తెడ్డే ఆ పని చేస్తుంది. పక్కదుంగ గాలి వచ్చే వైపు ఉంటే అది నీటి మీద నుంచి లేస్తుంది. అప్పుడు ఒకడు అడ్డుకర్ర మీదుగా బయటికి పాకి తన బరువుతో దాన్ని దించుతాడు. గాలి ఉరవడి పెరిగేకొద్దీ వాడు ఇంకా కొసకు జరుగుతాడు. పక్కదుంగ గాలి పోయే వైపు ఉన్నప్పుడు భయం ఇంకో రకంది. దుంగ నీళ్లలోకి కూరుకుపోతే పడవ మొత్తం దాని మీదికే ఒరుగుతుంది. చాపను వదులు చేయడం ఒక్క క్షణం ఆలస్యమైనా మునకే. గాలివాటున లకన దూసుకుపోతుంది, ఎదురుగాలికి మాత్రం దాని బలం చాలదు. అందుకే ప్రయాణమంతా గాలి వేళలకు లోబడి ఉంటుంది.

ఆ వేళలు చాలావరకు నమ్మదగినవే. తెల్లవారుజామున నేల మీదుగా మెల్లని గాలి సముద్రం వైపు వీస్తుంది. పడవలు దానితో బయలుదేరతాయి. పొద్దెక్కాక దక్షిణం, నైరుతి దిక్కుల నుంచి బలమైన గాలి లేస్తుంది. ఆ గాలి పేరు త్సియుకాతీము, అంటే దక్షిణపు గాలి. వేటకు వెళ్లినవాళ్లను ఇల్లు చేర్చేది అదే. ఉత్తరానికి వలస పోయేవాళ్లకు తోడు నిలిచేది కూడా అదే.

తుఫానుల కాలం ముగిశాక ఈ వలసలు మొదలవుతాయి. బంధువుల, స్నేహితుల పడవలు నాలుగైదు కలిసి కదులుతాయి. పిల్లలు, వంటపాత్రలు, బియ్యం, మంచినీళ్ల డబ్బాలు, వలలు అన్నీ పడవలోనే. సాయంత్రం ఏదో ఒక ఇసుకతిన్నె మీద దిగి, ఆ కర్రలనే నిలబెట్టి, ఆ చాపనే కప్పుకుంటే డేరా సిద్ధం. చాప ఒకప్పుడు నూలు గుడ్డ, ఇప్పుడు కుట్టి అతికించిన సంచులు కూడా కనిపిస్తాయి. అండవాడువాకా ప్రాంతం నుంచి కొందరు నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని బారెన్ దీవుల దాకా వెళ్తారు. వాళ్లను అంత దూరం లాగుతున్నది ముఖ్యంగా సొరచేప రెక్కలకూ, సముద్ర దోసకాయ అనే మెత్తని జీవికీ చైనా బజారులో పలికే ధర. శ్రీకాకుళం జాలరులు కూడా ఏటా నెలల తరబడి గుజరాత్‌లోని వెరావల్‌కు వలస పోతారు. కానీ వాళ్లు వెళ్లేది పరాయి మరపడవల మీద కూలికి, ఇంటివాళ్లను ఊళ్లో వదిలి. వేజూ కుటుంబానికి పడవ సొంతం, వలసలో వెంట వచ్చే ఇల్లు కూడా అదే.

ఈ దారిలో ఒక పక్క పగడపు దిబ్బలు, మరో పక్క ముళ్ల అడవి, బావొబాబ్ చెట్లు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా అంటార్కిటికా చలినీళ్ల నుంచి హంప్‌బ్యాక్ తిమింగలాలు పిల్లల్ని కనడానికి మొజాంబిక్ జలసంధికి వస్తాయి. ఇంజను చప్పుడు లేని లకన మీద నుంచి వాటి ఊపిరి ముందు చెవిన పడుతుంది, తర్వాతే వీపు కనిపిస్తుంది. తులియారాకు దక్షిణాన అనకావ్ ఊరికి ఎదురుగా నూసీ వే అనే చిన్న దీవి ఉంది. ఎర్రని రెండు తోక ఈకలుండే తెల్లని సముద్రపక్షులు అక్కడ పొదల కింద గుడ్లు పెడతాయి. వాటిని ముట్టరాదన్నది స్థానికుల నిషేధం. ఇలాంటి కట్టడిని వాళ్లు ఫాదీ అంటారు. 1995లో అనకావ్ దగ్గరే సొరచేపల కోసం లోతున వేసిన వలలో సీలకాంత్ పడింది. 1938లో దక్షిణాఫ్రికా తీరంలో ఒకటి దొరికేదాకా శాస్త్రజ్ఞులు ఏనాడో అంతరించిందనుకున్న చేప అది. తాబేలుకు మాత్రం ఫాదీ అండ దొరకలేదు. వేజూలకు దాని వేట పూజతో ముడిపడిన గౌరవం. చట్టం నిషేధించినా అది పూర్తిగా ఆగలేదు. వేజూలను ప్రకృతికి పుట్టుకాపరులుగా వర్ణించే రాతలు ఈ ముక్కను దాటవేస్తుంటాయి.

అయినా కట్టుబాటు అన్నది వాళ్లకు పరాయిది కాదు. అమావాస్య, పౌర్ణమి రోజుల పెద్ద ఆటుకు దిబ్బలు బయటపడినప్పుడు ఎక్కువగా ఆడవాళ్లు ఈటెలు పట్టుకుని ఆక్టోపస్‌లను వెతుకుతారు. 2004లో అండవాడువాకా దగ్గర ఒక దిబ్బపై ఏడు నెలలు ఈ వేట ఆపి చూశారు. ఆక్టోపస్ తొందరగా పెరిగే జీవి కాబట్టి, తిరిగి తెరిచిన రోజు పెద్దవి దొరికాయి. చూసిన పొరుగూళ్లు అదే బాట పట్టాయి. 2006లో పాతిక దాకా ఊళ్లు కలిసి వెలుండ్రియాకె అనే రక్షిత ప్రాంతాన్ని ఏర్పరచుకున్నాయి. ‘సముద్రంతో బతకడం’ అని దాని అర్థం. అక్కడ తప్పు చేసినవాడికి జరిమానా విధించేది దీనా అనే ఊరి కట్టుబాటే.

మానవశాస్త్రవేత్త రీటా అస్తూతి 1995లో అచ్చయిన తన పుస్తకంలో ఇక్కడి మరో సంగతి వివరించారు. వేజూ అన్నది పుట్టుకతో వచ్చే కులం కాదు. ఈత, తెరచాప, వేట తెలిసినవాడు వేజూ. లోపలి పొలాల మసికూరు బిడ్డ తీరానికి వచ్చి ఈ పనులు నేర్చుకుంటే వేజూ అవుతాడు. వేజూ ఇంట పుట్టినవాడు పడవను బోల్తా కొట్టిస్తే ‘నువ్వు మసికూరువయ్యావు’ అంటారు. గాలం తాడు వేళ్ల మీద కోసిన గీతలు, మెత్తని ఇసుకలో నడిచే నడక, ఇవే ఆనవాళ్లు. అందుకే పిల్లలు నడక రాగానే మూరెడు బొమ్మ లకనలకు గుడ్డపీలికల చాపలు కట్టి, ఒడ్డు నీళ్లలో పందాలు వేస్తుంటారు.

ఇప్పుడు పెద్ద ఫరఫాత్సే మానులు దగ్గర్లో దొరకడం కష్టమవుతోంది. వడ్రంగులు మరింత లోపలికి వెళ్లాల్సి వస్తోంది, కొత్త పడవ ధరా పెరుగుతోంది. కొన్నిచోట్ల మొత్తంగా పలకలతో కట్టిన పడవలు వస్తున్నాయి. వాటికీ పక్కన అదే దుంగ, పైన అవే రెండు కర్రలు.