విశ్వాసమునకు చెవి ఒక్కటే ద్వారమా? మార్కు 7:31-37 ప్రసంగ సంప్రదాయముపై ఒక విమర్శ

ఉపోద్ఘాతము

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల సంఘములు ప్రధానముగా వినికిడి మీద కట్టబడిన సంఘములు. 1840లో నెల్లూరులో ఆరంభమైన అమెరికన్ బాప్టిస్టు మిషను 19వ శతాబ్దపు చివరి భాగములో ఈ మెట్ట తాలూకాలకు విస్తరించినది. అప్పుడు చదువు నిరాకరింపబడిన దళిత కుటుంబములకు సువార్త ప్రసంగము, పాట, కంఠస్థ వాక్యముల ద్వారానే ఎక్కువగా అందినది. అక్షరము రానివారికి కూడ వాక్యము అందవలెనన్న పట్టుదల ఆ పద్ధతికి మూలము. అది మనము గౌరవింపదగిన వారసత్వము. అయితే పాట, ప్రసంగము, సాక్ష్యము అన్నియు చెవి ద్వారానే సాగే ఆరాధనలో బధిరుడు కూర్చుండును గాని పాలుపొందడు. అతడు అక్కడ ఉన్నాడన్న సంగతి మనకు జ్ఞాపకము వచ్చునది స్వస్థత కొరకు ప్రార్థించునప్పుడు మాత్రమే.

బధిరుల హక్కుల ఉద్యమము ఈనాడు సమాజమును అడుగుచున్న ప్రశ్న ముఖ్యముగా భాషకు సంబంధించినది. ఈ వ్యాసము ఆ ప్రశ్న వెలుగులో రెండు వాక్యభాగములను మన ప్రసంగపీఠములు చదివే తీరును పరిశీలిస్తుంది. బాప్తిస్మపు ఒప్పుకోలు దగ్గర మన సిద్ధాంతమే మనలను నిలదీయుచున్నదని చూపుట దీని ఉద్దేశము.

1. బధిరులు అడుగుచున్నదేమి?

ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించగా భారతదేశము 2007లో ధ్రువీకరించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక, మాట్లాడే భాషలతో పాటు సంజ్ఞా భాషలను కూడ భాషలుగానే నిర్వచించినది. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రము ఏర్పడినది. అది 2018లో 3,000 పదములతో వెలువరించిన నిఘంటువు 2021 నాటికి 10,000 పదములకు పెరిగినది. 2023 సెప్టెంబరులో బధిర న్యాయవాది సారా సన్నీ సంజ్ఞా భాషా అనువాదకుని సహాయముతో సుప్రీంకోర్టు విచారణలో పాల్గొన్నారు. భారతీయ సంజ్ఞా భాషకు అధికార భాష హోదా, బడిలో ఆ భాషలోనే బోధన, కార్యాలయములలో అనువాదకులు, ప్రసారములకు అక్షర రూపము అనునవి ఉద్యమపు ప్రధాన కోరికలు.

ఈ కోరికల వెనుక చేదు చరిత్ర ఉన్నది. 1880లో మిలాను నగరములో జరిగిన బధిర విద్యా మహాసభ సంజ్ఞలను తోసిపుచ్చి, నోటి మాటనే బోధనా మార్గముగా తీర్మానించినది. 2010లో వాంకూవరులో జరిగిన మహాసభ ఆ తీర్మానమును నిరాకరించి విచారము తెలిపే నాటికి నూట ముప్పది సంవత్సరములు గడచినవి.

సంజ్ఞా భాషకు వాడుకలో లిపి లేదు గనుక ఉత్తరము గాని టెలిఫోను గాని దానిని మోయలేకపోయినవి. సెల్‌ఫోనులో వీడియో కాల్ వచ్చిన తరువాతనే దూర గ్రామములోని బధిర యువకునికి తన భాషలో తనవారితో మాట్లాడుట సాధ్యమైనది. అయినను ఈ ఉద్యమము విమర్శకు అతీతమైనది కాదు. దాని వాణి అధికముగా నగరవాసులది, చదువుకున్నవారిది. దాని అక్షర రూపము తరచుగా ఇంగ్లీషు. బధిర బాలలు సంజ్ఞా భాషను ఎక్కువగా ప్రత్యేక పాఠశాలలలో ఒకరినుండి ఒకరు నేర్చుకొందురు. సీతారామపురము, మర్రిపాడు వంటి మండలములలో బడి ముఖము చూడని బధిర స్త్రీకి మిగులునది ఇంటివారితో కల్పించుకొన్న కొద్ది సంజ్ఞలే. ఢిల్లీలో నిఘంటువు పెరిగినంత మాత్రమున ఆమెకు భాష దొరకదు.

మరొక చిక్కు కూడ ఉన్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము రెండు చెవులలో 70 డెసిబెల్స్ నష్టమున్నవారు బధిరులు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి నెలకు 6,000 రూపాయలైన పింఛను పొందవలెనన్నా నష్టమును శాతములలో చూపే ధ్రువపత్రము కావలెను. 2025లో ఆ ధ్రువపత్రములను రాష్ట్ర ప్రభుత్వము తిరిగి పరిశీలింపజేసినది. బధిరుడు ఒకవైపు తన లోపమును నిరూపించుకొనవలెను. మరొకవైపు తాను లోపము మాత్రమే కానని, ఒక భాష గలవాడనని చెప్పుకొనవలెను. సంఘము ఈ రెండవ మాటను విన్నదా అనునదే మన ప్రశ్న.

2. రోమా 10:17: భారము ఎవరిమీద?

విశ్వాసము వినికిడి వలన కలుగునని చెప్పే ఈ వచనమును ఆధారము చేసికొని, చెవి లేనిచోట విశ్వాసము అసాధ్యమన్న భావన క్రైస్తవ చరిత్రలో చాల కాలము నిలిచినది. ఆ భావనకు అగస్టీను పేరు తరచుగా జోడింపబడును. అయితే అదే అగస్టీను తన ‘దె మగిస్ట్రో’లో బధిరులు సైగలతో సంభాషించుటను ప్రస్తావించి, అర్థము ధ్వని లేకుండ కూడ అందునని అంగీకరించినాడు.

పౌలు వాడిన గ్రీకు పదము ‘అకొయే’. దానికి వినుట అనియు, వినిపింపబడిన సమాచారము అనియు రెండు అర్థములున్నవి. ముందటి వచనములో యెషయా 53:1ని ఉదాహరించునప్పుడు అది స్పష్టముగా సమాచారమే. 14, 15 వచనముల వాదము పంపబడినవాని గూర్చినది: ప్రకటించువాడు లేనియెడల ప్రజలు ఎట్లు నమ్మగలరు? కాబట్టి భారము వినేవాని చెవిమీద లేదు, పంపే సంఘము మీద ఉన్నది. అంతేకాదు, 18వ వచనములో పౌలు 19వ కీర్తనను ఉదాహరించుచున్నాడు. మన తెలుగు బైబిలు పాఠము ప్రకారము ఆ కీర్తనలోని ఆకాశము మాటగాని స్వరముగాని లేకుండనే సాక్ష్యమిచ్చుచున్నది. వినికిడిని గూర్చిన వాదములోనే శబ్దము లేని సాక్ష్యమును తెచ్చిన పౌలును, చెవి ఒక్కటే ద్వారమనుటకు సాక్షిగా నిలుపుట న్యాయము కాదు.

3. మార్కు 7:31-37: జనసమూహమునకు దూరముగా

ఈ భాగము మన ప్రాంతములో స్వస్థత సభల వాక్యముగా సుపరిచితము. చెవిటివానిని వేదికమీదికి పిలిచి, జనుల యెదుట ఒక మాట పలికించుట అట్టి సభలలో కనబడే దృశ్యము. యేసు చేసినది దీనికి విరుద్ధము. ఆయన ఆ మనుష్యుని సమూహమునుండి ప్రక్కకు తీసికొనిపోయెను, చెవులను నాలుకను ముట్టెను, ఆకాశమువైపు చూచెను, నిట్టూర్చెను. ఇవన్నియు కన్నులకు, చర్మమునకు తెలియు క్రియలు.

ఇందునుబట్టి యేసు సంజ్ఞా భాషలో మాటలాడెనని కొందరు వ్యాఖ్యానింతురు. ఇది వాక్యమును మించిన మాట. మార్కు 8:23లో గ్రుడ్డివానిని కూడ ఆయన ఊరి వెలుపలికి తీసికొనిపోయి ఉమ్మితో స్వస్థపరచెను. కావున ఏకాంతము, స్పర్శ మార్కు కథనపు సాధారణ లక్షణములు కూడ కావచ్చును. అయినను ఒక్క సంగతి నిలుచును: ప్రభువు ఆ మనుష్యునికి అందే విధముగా మొదలుపెట్టెను, సమూహమునకు వింతగా అతనిని చూపలేదు. 32వ వచనములోని ‘మొగిలాలొస్’ అను పదము కష్టముగా మాటలాడువానిని సూచించును. అదే పదము గ్రీకు పాత నిబంధనలో యెషయా 35:6లో కనబడును. మార్కు దృష్టిలో ఈ అద్భుతము దేవుని రాజ్యపు రాకకు గుర్తు. స్వస్థత కలిగిననే సంఘములో చోటు అన్న షరతు ఇందులో లేదు.

4. సామెత చేయు గాయము

చెవిటివాని ముందు శంఖమూదినట్లు అన్న సామెత ప్రసంగములలో అవిధేయులకు వాడబడుచున్నది. ప్రవక్తలు కూడ చెవిటితనమును ఉపమానముగా వాడిరి గదా అని అడుగవచ్చును. వాడిన మాట నిజమే. కాని యెషయా 42:19లో చెవిటివాడని పిలువబడినది దేవుని సొంత సేవకుడైన ఇశ్రాయేలు. అనగా ఆ ఉపమానము వినగలిగియు విననివారిని గద్దించుచున్నది. లేవీయకాండము 19:14 చెవిటివానిని తిట్టవద్దని ఆజ్ఞాపించును. అతనికి వినబడదు, అతడు బదులు చెప్పలేడు. అందుచేతనే దేవునికి భయపడుమని ఆ వచనము ముగియును. వినబడని చోట జరుగు అవమానమునకు దేవుడే సాక్షి.

5. ఒప్పుకోలు దగ్గర తేలు నిజము

ఇక అసలు సమస్యకు వత్తము. బాప్టిస్టు సంప్రదాయము శిశు బాప్తిస్మమును అంగీకరింపదు. ఒకని విశ్వాసమును మరొకడు ఒప్పుకొనజాలడు అనునది దానికి కారణము. రోమా 10:9-10 చెప్పే నోటి ఒప్పుకోలు ఇక్కడ ఆధారము. సంజ్ఞా భాష ఎరుగని కాపరి ఎదుట బధిర యువతి బాప్తిస్మమునకు నిలిచిన యెడల మూడు దారులున్నవి. ఆమె తల్లి మాటమీద బాప్తిస్మమిచ్చుట మొదటిది. అట్లు చేసిన యెడల మనము నిరాకరించిన పరుల ఒప్పుకోలునే అంగీకరించినవారమగుదుము. ఆమెకు గ్రహింపు లేదని పంపివేయుట రెండవది. అప్పుడు మన అజ్ఞానమును ఆమె అవిశ్వాసముగా లెక్కించినవారమగుదుము. ఆమె భాషను నేర్చుకొని, ఆమె చేతులతో ఇచ్చు ఒప్పుకోలును చూచుట మూడవది. మన సిద్ధాంతమునకు లోబడియున్నది ఈ మూడవ దారి ఒక్కటే. వివాహ ప్రమాణమునకు, ప్రభువు బల్ల యొద్ద ఆత్మపరీక్షకు కూడ ఇదే న్యాయము వర్తించును.

దీనికి లేఖనములో పూర్వోదాహరణ ఉన్నది. లూకా 1:62-63లో బంధువులు జెకర్యాకు సైగలు చేసిరి. అతడు పలకమీద వ్రాసి తన తీర్మానము తెలిపెను. నోటి మాట లేకపోయినను ఆ సాక్ష్యము చెల్లినది.

ముగింపు

ఉదయగిరి, ఆత్మకూరు సంఘములలో ప్రతి ఒక్కటి ఒక అనువాదకుని పోషింపజాలదు. కాని చుట్టుపట్ల సంఘములు కలిసి ఒకరిద్దరు యువకులను శిక్షణకు పంపవచ్చును. సికింద్రాబాదులోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రమును ఇందుకు సంప్రదింపవచ్చును. కాపరి మొదట ఆ ఇంటికి వెళ్ళి ఇంటి సంజ్ఞలను నేర్చుకొనవచ్చును. ప్రసంగపు ముఖ్యాంశములను, వాక్యభాగమును బల్లమీద వ్రాయవచ్చును. ఊరిలో మరొక బధిరుడున్న యెడల ఇద్దరిని కలుపుట కూడ పరిచర్యయే. వేదాంత కళాశాలలు హెబ్రీ, గ్రీకు భాషలకు కేటాయించు కాలములో కొంతైనను ఈ జీవభాషకు ఇయ్యవలెను.

మన పితరులు చదువురానివారిని చదువు వచ్చువరకు వేచియుండమనలేదు. వారికి అందు రూపములోనికి వాక్యమును తెచ్చిరి. వినలేనివారిని వినికిడి వచ్చువరకు వేచియుండమనుటకు మనకు అధికారము లేదు.