35 సెకన్లు

ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి ఆఫీసు. ముందు కొట్టు, పైన లెక్కల గది, వెనక గోడౌను. ఆరు కంప్యూటర్లు, మూలన ఒక సర్వరు. "అన్నా, స్టాకు ఫైలు తెరిస్తే మళ్లా తిరుగుతాంది" అని గుమాస్తా ఫోన్ చేశాడు. అప్పటికే స్విచ్ మార్చారు, కొత్త కేబుళ్లు లాగించారు, సర్వరుకు మెమరీ పెంచారు. గోడౌనులో పనిచేసే కుర్రాడిని, ఫైలు మూయకుండా వదిలేస్తున్నాడని రోజూ తిడుతున్నారు. అతను మాత్రం మూశానంటాడు.

నేను వెళ్లి కీబోర్డు ముట్టుకోలేదు. గుమాస్తాను తెరవమని చెప్పి గడియారం చూశాను. 35 సెకన్లు పట్టింది. మూసి మళ్లీ తెరిస్తే వెంటనే వచ్చింది. మధ్యాహ్నం ఇంకొకరు తెరిచారు, మళ్లీ 35. వేల చీరల లెక్కలున్న పెద్ద ఫైలుకూ, రెండే వరసలున్న చిన్నదానికీ అదే సమయం.

ఇన్నేళ్ల ఈ పనిలో నాకు చేతికొచ్చిన విద్య ఏదైనా ఉందంటే, ఆలస్యాన్ని కొలవడమే. వైరు బలహీనమైతే పెద్ద ఫైలుకు ఎక్కువసేపు పడుతుంది, చిన్నది త్వరగా వస్తుంది. పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. ప్రతిసారీ ఒకే లెక్క వస్తోందంటే అక్కడ ఏ యంత్రమూ బరువు మోయడం లేదు. ఒకటి ఇంకోదాని జవాబు కోసం కాచుకుని కూర్చుంది. అలాంటప్పుడు స్విచ్‌లు కొనడం డబ్బు దండగ.

విండోస్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతిలో 'ఆప్‌లాక్' అని ఒకటుంది. ఒక ఫైలును ఒక్క కంప్యూటరే వాడుతున్నంతసేపు సర్వరు దానికి చనువిస్తుంది: కాపీ నీ దగ్గరే పెట్టుకో, ప్రతి మార్పుకూ నన్ను అడగక్కర్లేదని. పని వేగంగా సాగుతుంది. మనిషి ఫైలు మూసేసినా, మళ్లీ తెరుస్తాడేమోనని కంప్యూటరు ఆ చనువును కాసేపు తన దగ్గరే ఉంచుకోవచ్చు. ఈలోగా వేరొకరు అదే ఫైలు అడిగితే, రాయాల్సింది రాసేసి చనువు తిరిగివ్వమని సర్వరు మొదటి కంప్యూటరుకు కబురు పంపుతుంది. జవాబు వచ్చేదాకా రెండోవాళ్లను నిలబెడుతుంది. విండోస్ సర్వరు మామూలుగా ఇచ్చే గడువు 35 సెకన్లు. అప్పటికీ పలకకపోతే తానే రద్దు చేస్తుంది. రెండోసారి తెరిచినప్పుడు ఫైలు వెంటనే రావడానికి కారణం అదే.

నా చిన్నప్పుడు పెనుకొండ మీదుగా రైలు ఒంటి లైను మీదే నడిచేది. స్టేషన్ మాస్టరు చేతి నుంచి టోకెన్ ఉన్న రింగు అందుకుంటే తప్ప డ్రైవరు ముందుకు కదిలేవాడు కాదు. దాన్ని అవతలి స్టేషన్లో అప్పగించాలి. మరిచిపోయి తీసుకుపోతే, పట్టాల మీద బండి లేకపోయినా ఆ సెక్షన్ ఖాళీ అయినట్టు కాదు. ధర్మవరం గోడౌనులో జరిగింది సరిగ్గా ఇదే.

సర్వరులో 'ఓపెన్ ఫైల్స్' జాబితా తీస్తే స్టాకు ఫైలు ఎదురుగా గోడౌను కంప్యూటరు పేరు కనిపించింది. నెట్‌వర్క్‌లో వెళ్లే కబుర్లను చూపించే వైర్‌షార్క్ పెట్టి చూస్తే కబురు వెళుతోంది, జవాబు రావడం లేదు. మందపాటి గోడ, ఇనుప షట్టరు దాటి వైఫై అక్కడికి సరిగా అందదు. పైగా కరెంటు ఆదా కోసం ఆ కంప్యూటరు నెట్‌వర్క్ కార్డు మధ్యమధ్య నిద్రపోయేలా సెట్ చేసి ఉంది.

"ఆ జాబితాలోనే మూసేస్తే పోదా సామీ?" అన్నాడు యజమాని. పోతుంది. గోడౌనులో ఇంకా రాయని నాలుగు చీరల లెక్క కూడా దాంతోపాటే పోవచ్చు. ఆప్‌లాక్‌లన్నీ ఆపేయడం కూడా నాకు ఇష్టం లేదు. ఫాక్స్‌ప్రో, యాక్సెస్ లాంటి డేటాబేసు ఫైళ్లలో ఒకేసారి నలుగురు రాస్తుంటే అది సరైన వైద్యమే. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన సాంబా సర్వరు పత్రాలు కూడా అలాంటి ఫైళ్లకు ఆపేయమనే చెబుతాయి. మిగతా ఫైళ్లకూ ఆపేస్తే ఒక కంప్యూటరు నిద్రకు అందరూ జరిమానా కట్టినట్టవుతుంది.

ఫైళ్ల చిక్కులన్నీ ఇదే జాతి కావు. హిందూపురంలో ఒక చింతపండు మండీలో ఎక్సెల్ ఫైలు తెరిస్తే చాలు, 'అడ్మిన్' వాడుతున్నారని వచ్చేది. ఆఫీసులో అందరి ఎక్సెల్‌లోనూ పేరు 'అడ్మిన్' అనే ఉంది! ఎవరిని అడగాలో తెలియక నలుగురూ కాపీలు తీసుకుని నాలుగు లెక్కలు రాసుకున్నారు. ప్రతి కంప్యూటరులో దాన్ని వాడే మనిషి పేరు పెట్టాక, ఫైలు కావాల్సినవాళ్లు ఆ పేరుతో కేకేసి అడగడం మొదలైంది. అంతకు మించి నేనేమీ చేయలేదు.

ధర్మవరంలో గోడౌనుకు కేబుల్ లాగి, ఆ కార్డు నిద్ర మాన్పించేసరికి సాయంత్రమైంది. కుర్రాడు వెనక ఫైలు తెరిచి మూశాడు. పైన గుమాస్తా తెరిచాడు. నేను గడియారం వైపు తిరిగేలోపే ఫైలు వచ్చేసింది. మళ్లీ చేయించాను, మళ్లీ వెంటనే వచ్చింది.

గుమాస్తా కాసేపు తెర వైపే చూశాడు. "అంటే పిల్లోడు నిజంగానే మూసేవాడా అన్నా?" అన్నాడు. అవునన్నాను. కండువా భుజాన వేసుకుని, మెట్లు దిగి గోడౌను వైపు నడిచాడు.