కోట రాళ్లలో రసం

ప్రాణహిత గోదావరిలో కలిసే చోటికి కాస్త ఎగువన, సిరొంచ దగ్గర, కోట అనే చిన్న ఊరుంది. సుమారు 18 కోట్ల ఏళ్ల నాటి జురాసిక్ రాళ్ల వరుసకు భూగర్భశాస్త్రం ఆ ఊరి పేరే పెట్టింది. రసికుడి కంటికి అదొక మహాకావ్యం. కింది నుంచి పైకి చదువుకోవాలి.

అడుగున ఇసుకరాయి, మట్టిరాయి. అక్కడ పలికేది భయానకం. 1960-61 ప్రాంతంలో పోచంపల్లి దగ్గర కోల్‌కతాలోని భారత గణాంక సంస్థ తవ్విస్తే ఒక్కచోటే సుమారు మూడు వందల ఎముకలు బయటపడ్డాయి. కనీసం ఆరు రాక్షసబల్లులవి. ఎముకల నడుమ రాయిగా మారిన మహావృక్షాల మానులు! జంతువుల్నీ చెట్లనీ వరద కలిపి ఈడ్చుకొచ్చిందని పరిశోధకుల ఊహ. కాళ్లు, వెన్నుపూసలు, పక్కటెముకలు దొరికాయి. పుర్రె దొరకనే లేదు. అది రవీంద్రుడి శతజయంతి కాలం. అందుకే ఆ జీవికి బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు.

దాని మీద సున్నపురాయి. అక్కడ శాంతం. నిలకడైన సరస్సు అడుగున మెత్తగా, పల్చగా పేరుకున్న పొరలవి. అందులో పురుగు రెక్క కూడా చెదరకుండా నిలిచింది. లెపిడోటెస్ చేప పొలుసును దగ్గరగా చూడండి. పలక ఆకారం, మందపు అంచు, మీద పింగాణీ పూతలాంటి నిగనిగ. ఒక పొలుసుకున్న మొన పక్క పొలుసు గుంటలో కుదురుకుంటుంది. అలా ఏటవాలు వరుసల్లో ఒళ్లంతా కవచం. ఇన్ని కోట్ల ఏళ్లకూ ఆ మెరుపు తగ్గలేదు.

భయానకానికీ శాంతానికీ పొసగదని ఆలంకారికులు చెప్పారు. నడుమ మరో రసాన్ని నిలిపితే ఆ దోషం పోతుందనీ వాళ్లే చెప్పారు. కోటలో ఆ నడుమ నిలిచేది అద్భుతం. వరద హోరెత్తిన నేలే చేప ఈదే సరస్సు అయిందన్న ఎరుక కలగగానే ఒళ్లు పులకరిస్తుంది. ఆ పులకింతే రెండు రసాలనూ ఒక్కటి చేస్తుంది.

భిలాయిలో ఉండే మనకు సున్నపురాయి రోజూ తెలిసిన వస్తువే. నందిని గని నుంచి ఉక్కు ప్లాంటుకొస్తుంది, బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఖనిజంలోని మలినాన్ని పట్టుకుని స్లాగ్‌గా పోతుంది. ఆ రాయి కోట రాయికన్నా ఎన్నో కోట్ల ఏళ్లు పాతది. ఎముకున్న ప్రాణి ఇంకా పుట్టని కాలపుది కాబట్టి అందులో ఎముక దొరకదు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు పేర్చిన పొరలే అక్కడి శిల్పం. కోట రాయిని ఒక్కసారి మనసుపెట్టి చదివినవాళ్లకు నందిని రాయి కూడా ఉత్త ముడిసరుకులా కనిపించదు.

బరపాసారస్ అస్థిపంజరం కోల్‌కతాలో భారత గణాంక సంస్థ మ్యూజియంలోనే ఉంది. ఆదిలాబాద్ అడవుల్లోని యామన్‌పల్లిలో దొరికిన మరో రాక్షసబల్లి కోటసారస్ హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. సెలవుల్లో ఊరెళ్లేటప్పుడు పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. పొడవెంత, బరువెంత అన్న లెక్కలు తర్వాత చెప్పొచ్చు. ముందు కాసేపు వాళ్లను తనివితీరా చూడనివ్వండి.