నేలపై అధీనం, ఊరిపై అవిశ్వాసం: కాటూరు, యలమర్రు (1949) పునఃపరిశీలన

తెలంగాణ సాయుధ పోరాటంపై పరిశోధన విస్తారంగా జరిగింది. దానికి వెన్నుదన్నుగా నిలిచిన కృష్ణా డెల్టాలో ప్రభుత్వం సాగించిన అణచివేత మాత్రం ఆ చరిత్రకు అనుబంధంగానే మిగిలింది. పుచ్చలపల్లి సుందరయ్య 1972 నాటి గ్రంథంలో సైతం దాని స్థానం ఇంచుమించు అదే.

సిద్ధాంతపరంగా డెల్టా చిక్కు ప్రశ్న. అంతర్యుద్ధంలో హింసను వివరించిన స్టాతిస్ కాలివాస్ (2006) వాదన ప్రకారం, రాజ్యాధీనం సంపూర్ణంగా ఉన్నచోట హింస తగ్గాలి. సమాచారం కొరవడినచోటే అది విచక్షణ కోల్పోతుంది. రైలుమార్గం, కాలువగట్లు, పోలీసు ఠాణాలు ఉన్న బెజవాడ పరిసరాల్లో విముక్త ప్రాంతమన్నదే లేదు. అయినా 1949లో మలబారు స్పెషల్ పోలీసులు కాటూరు, యలమర్రు గ్రామాలపై పడి, పురుషులను వివస్త్రులను చేసి గాంధీ విగ్రహం వద్దకు నడిపించారని సుందరయ్య నమోదు చేశారు. ఇది అనుమానితుడిని వెదికే చర్య కాదు. ఊరినంతటినీ ఒకే నేరస్థుడిగా లెక్కగట్టడం. మాప్పిళ్ళ తిరుగుబాటు కాలంలో 1921లో రూపుదిద్దుకొని, రంపలో అల్లూరి దళాలపైనా ప్రయోగించబడిన ఈ బలగానికి తెలుగు పల్లె పరాయిది. నేల చేతిలో ఉంది, సమాచారం లేదు. కాలివాస్ నమూనా ఈ రెంటినీ జంటగా చూస్తుంది. డెల్టాలో అవి విడివడ్డాయి.

సెలిగ్ హారిసన్ (1956) ఆంధ్ర కమ్యూనిస్టుల బలాన్ని ప్రధానంగా కమ్మ కుల నాయకత్వంతో వివరించాడు. నాయకత్వం విషయంలో అది కొట్టిపారేయదగినది కాదు. కానీ 1952లో మద్రాసు శాసనసభకు ఆంధ్ర ప్రాంతం నుంచి కాంగ్రెసు 40 స్థానాలు, కమ్యూనిస్టులు 41 గెలిచిన ఫలితాన్ని, అంతకు మూడేళ్ళ ముందరి అవమానాన్ని పక్కనబెట్టి చదవడం కష్టం. దీన్ని ప్రతీకార ఓటుగా కుదించడమూ తొందరపాటే: 1955లో దాదాపు 31 శాతం ఓట్లు వచ్చినా పార్టీకి దక్కినవి 15 స్థానాలే.

సుందరయ్య రచనకు గల లోపం వేరు. అది ఊళ్ళవారీ దౌర్జన్యాల పట్టికగా సాగుతుంది. ఇంటి లోపలికి తొంగిచూడదు. పామర్రులో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి' (2012) ఆ గడప దాటుతుంది. అజ్ఞాతంలో పేరు మార్చుకొని, పిల్లలకు దూరమై బతికిన స్త్రీ అనుభవంలో నిర్బంధం ఠాణాకు పరిమితం కాదు. పార్టీ క్రమశిక్షణ కూడా అందులో భాగమే. 1949 నాటి ఆ రెండు ఊళ్ళ స్త్రీలు ఏం చూశారో, ఎవరిని దాచారో సుందరయ్య పట్టికలో గడి లేదు.