నాయిన బట్టలు తొడుక్కుని పాడిన మనిషి

'స్ప్రింగ్‌స్టీన్ ఆన్ బ్రాడ్‌వే' 2018 డిసెంబరులో వచ్చినప్పుడు ఒక్కసారి విని పక్కన పెట్టేశాను. రెండున్నర గంటల ఆల్బమ్. ఒక మనిషి, ఒక గిటారు, ఒక పియానో, నోటి దగ్గర ఒక మౌతార్గాన్. పాటకి ముందు మాటలు, పాట మధ్యలో మాటలు, పాట అయ్యాక మాటలు. రాక్ వినడానికి వచ్చినవాడిని కూర్చోబెట్టి ఆత్మకథ చెప్తున్నాడేంట్రా బాబూ అనుకున్నాను. మళ్ళీ ఈమధ్య తార్నాకలో మెట్రో ఎక్కి హైటెక్ సిటీకి పోతూ, వస్తూ, మూడు రోజుల్లో ముక్కలు ముక్కలుగా విన్నాను. ఈసారి పక్కన పెట్టడం కుదరలేదు. ఎందుకు కుదరలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు వివరాలు. 2017 అక్టోబరు నుంచి 2018 డిసెంబరు దాకా, న్యూయార్క్‌లోని వాల్టర్ కెర్ థియేటర్లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 236 ప్రదర్శనలు ఇచ్చాడు. వెయ్యి మంది కూడా పట్టని హాలు. స్టేడియాలు నింపే మనిషికి ఇది చాలా చిన్న లెక్క. 2016లో వచ్చిన తన ఆత్మకథ 'బార్న్ టు రన్'లోంచి ముక్కలు తీసుకుని, వాటి మధ్య పాటలు గుచ్చాడు. చాలా పాటలకి ముందుమాట వేరే ట్రాకుగా ఉంటుంది కాబట్టి, కావాలంటే మాటలన్నీ దాటేసి పాటలే వినొచ్చు. అలా వింటే మాత్రం ఇది మామూలు ఆల్బమే. నేను మొదటిసారి చేసిన పొరపాటు అదే.

పాట ఆపి మాట చెప్పడం, మాట ఆపి పాట అందుకోవడం మనకేం కొత్త? హరికథ, బుర్రకథ, ఒగ్గు కథ, అన్నీ అంతే కదా. ఒక ఆదివారం సాయంత్రం డాబా మీద చిన్న స్పీకర్ పెట్టుకుని వింటుంటే మా నాయిన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. కాసేపు విని, "ఏందిరా ఇది, పాట అంటివి, మాట్లాడుతనే ఉండు?" అన్నాడు. ఆత్మకథ చెప్తున్నాడు నాయినా, మధ్యమధ్యలో పాడతాడు అన్నాను. "ఒగ్గు కథ అన్నట్టు. మరి డోలు ఏది? వంత ఏది?" అన్నాడు. ఇంత సూటిగా ఈ ఆల్బమ్ మీద ఎవరూ రాయగా నేను చదవలేదు.

నిజమే, వంత లేదు. స్ప్రింగ్‌స్టీన్ పాటకి చాలాసార్లు వెనకాల ఈ స్ట్రీట్ బ్యాండ్ ఉంటుంది. ఆ బ్యాండ్‌లో ఆర్గాన్ వాయించే డానీ ఫెడెరిచి 2008లో పోయాడు, శాక్సొఫోన్ వాయించే క్లారెన్స్ క్లెమన్స్ 2011లో పోయాడు. 'టెన్త్ అవెన్యూ ఫ్రీజ్ అవుట్' అనే పాటని ఇక్కడ పియానో మీద పాడుతూ, మధ్యలో ఆపి క్లారెన్స్ గురించి చెప్తాడు. ఒకప్పుడు శాక్సొఫోన్ వచ్చి పడాల్సిన చోటు మనకి తెలుసు. ఇక్కడ ఆ చోట ఏమీ ఉండదు. అకూస్టిక్ అంటే వాయిద్యాలు తగ్గించడం అనుకుంటాం గానీ, ఇక్కడ తగ్గింది మనుషులు.

ఈ తరహా ఆల్బమ్‌లు రెండు రకాలు అనిపిస్తుంది నాకు. నీల్ యంగ్ 'లైవ్ ఎట్ మాసీ హాల్ 1971' ఒక రకం. 25 ఏళ్ళ కుర్రాడు, ఒంటరిగా, ఇంకా ఆల్బమ్‌గా రాని పాటలు జనానికి మొదటిసారి వినిపిస్తున్నాడు. 'ఓల్డ్ మ్యాన్' అందులో ఉంది. మరుసటి ఏడు 'హార్వెస్ట్'లో వచ్చింది. ఆ జనానికి అది తర్వాత ఎంత పెద్ద పాట అవుతుందో తెలియదు. అక్కడ పాట ముందు, జీవితం తర్వాత. స్ప్రింగ్‌స్టీన్‌ది రెండో రకం. దాదాపు 70 ఏళ్ళ వయసులో, అందరికీ నోటికొచ్చిన పాటలకి వెనక్కి వచ్చి, ఇది ఎక్కడ అబద్ధం, ఎక్కడ నిజం అని లెక్క చూపిస్తున్నాడు. (1992లో ఎంటీవీ వాళ్ళు అన్‌ప్లగ్డ్‌కి పిలిస్తే, ఒక్క పాట ఒంటరిగా పాడి, మిగతాదంతా కరెంటు గిటార్లతో వాయించేశాడు ఈయన. ఆ ఆల్బమ్ పేరులో 'అన్' కొట్టేసి 'ప్లగ్డ్' అని పెట్టుకున్నారు.)

ఆ లెక్క చూపించడం మొదటి పది నిమిషాల్లోనే మొదలవుతుంది. ఫ్యాక్టరీల గురించే జీవితమంతా రాసిన నేను ఫ్యాక్టరీ లోపల ఎలా ఉంటుందో చూడలేదు, నిక్కమైన ఉద్యోగం ఎప్పుడూ చేయలేదు, వారానికి ఐదు రోజుల పని ఈ షోకి ముందు ఎరగను అని నవ్విస్తాడు. ఏమీ అనుభవం లేని విషయం మీద రాసి ఇంత సంపాదించానంటాడు. ఊరు వదిలి పారిపోదాం అని పాట కట్టినవాడు ఇప్పుడు పుట్టిన ఊరికి పది నిమిషాల దూరంలో ఉంటున్నాడట. జనం పగలబడి నవ్వుతారు. టికెట్ 75 డాలర్ల నుంచి 850 డాలర్ల దాకా ఉండేది కాబట్టి, ఆ నవ్వినవాళ్ళలో ఫ్యాక్టరీ లోపల చూసినవాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారో మీరే ఊహించుకోండి.

మొదటిసారి విన్నప్పుడు ఆ నవ్వు నాకు నచ్చలేదు. నేరం ఒప్పుకున్నట్టు ఒప్పుకుని, దానికే చప్పట్లు కొట్టించుకున్నట్టు అనిపించింది. దానికి నా సొంత కారణం ఒకటుంది. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నేను కవిత్వం రాసేవాడిని. వర్క్‌షాప్ సైరను, గ్రీజు మరకలు, చేతిలో స్పానరు, అన్నీ 'నేను' అనే రాశాను. సాయంత్రాలు ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని దోస్తులకి చదివి వినిపించేవాడిని. ఒకరోజు ఒక దోస్తు అడిగాడు, "అరే, నువ్వు ఎప్పుడన్నా స్పానరు పట్టుకున్నవా?" అని. పట్టుకోలేదు. వర్క్‌షాప్ గేటు దాకా టిఫిన్ డబ్బా ఇవ్వడానికి పోయిందే ఎక్కువ. ఆ రోజుతో కవిత్వం ఆగిపోయింది. తర్వాత ఉద్యోగం, ల్యాప్‌టాప్, ఏసీ. స్ప్రింగ్‌స్టీన్‌కి ఆ ప్రశ్న ఎవరూ వేయలేదా, వేస్తే ఎలా తట్టుకున్నాడు అని కుళ్ళు.

జవాబు 'మై ఫాదర్స్ హౌస్' ముందుమాటలో ఉంది. 1982 నాటి 'నెబ్రాస్కా' ఆల్బమ్‌లోని పాట ఇది. ఆ ఆల్బమ్ ఇంట్లో నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద డెమోగా రికార్డు చేసి, చివరికి ఆ డెమోనే విడుదల చేశాడు. (మా వృత్తిలో డెమోని నేరుగా ప్రొడక్షన్‌కి పంపిస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఇక్కడ మాత్రం కళాఖండం అయింది.) ముందుమాటలో వాళ్ళ నాన్న డగ్లస్ గురించి చెప్తాడు. అమ్మ పంపిస్తే చిన్నపిల్లాడిగా బారులోకి వెళ్ళి నాన్నని ఇంటికి రమ్మని పిలవడం, అక్కడ నిలబడి కింది నుంచి పైకి ఆయన్ని చూడటం. మాట్లాడని మనిషి. మీద పడితే భయం, దూరంగా ఉంటే బెంగ. పెద్దయ్యాక పాడటానికి ఒక గొంతు కావాల్సి వచ్చినప్పుడు తన గొంతులో విలువైనది ఏమీ కనపడక నాన్న గొంతు తీసుకున్నానంటాడు. ఫ్యాక్టరీ బట్టలు తొడుక్కున్నాను, ఎందుకంటే అవి మా నాన్న బట్టలు అంటాడు. మనం ఎవరి ప్రేమ కోరి పొందలేకపోయామో వాళ్ళని అనుకరిస్తాం అన్నది ఆయన వాదన.

ఇది విన్నాక ముందు వేసిన జోకు వేరే రకంగా వినపడింది. ఆయన ఒప్పుకున్నది దొంగతనం కాదు. దగ్గరికి రానివ్వని మనిషి దగ్గరికి పోవడానికి దొరికిన ఒకే ఒక దారి అది. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద నాకీ ముక్క తెలిసుంటే జవాబు చెప్పేవాడినేమో. చెప్పకపోవడమే నయమేమో కూడా. నా కవితలు అంత గొప్పవేం కావు.

ఇక్కడ గద్దర్ గుర్తుకు రాకుండా ఉండడు. ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివి, 1975 నుంచి కొన్నేళ్ళు కెనరా బ్యాంకులో గుమస్తాగా చేసిన మనిషి గోచీ కట్టి, గొంగడి వేసుకుని, కట్టె పట్టుకుని స్టేజీ ఎక్కాడు. అదీ వేషమే. కానీ ఆ వేషానికి ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఆ గొంగడి ఇంట్లో ఉన్నవాళ్ళు. పాట ఆపి మాట్లాడితే వాళ్ళలోంచి కేక వచ్చేది, వెనక నుంచి కోరస్ అందుకునేది. స్ప్రింగ్‌స్టీన్ తన నాన్న బట్టలు వేసుకుని నిలబడింది ఆ బట్టలు ఎరగని హాలులో. ఆ ఒంటరితనం ఆల్బమ్‌లో వినపడుతుంది, అది బలమూ, లోపమూ రెండూ.

లోపాలు ఇంకా ఉన్నాయి. మాటలు మరీ రాసుకున్న మాటలు. ఒక గుసగుస, ఒక విరామం, ఒక చిన్న నవ్వు, అన్నీ కొలతలో ఉంటాయి. 236 సార్లు చెప్పిన మాటని లైవ్ అనొచ్చా అన్నది నా సందేహం. పాట ఎన్నిసార్లు విన్నా అరగదు గానీ జోకు మూడోసారికే అరిగిపోతుంది. చివరి అరగంటలో దేశం గురించి చెప్పే హితబోధ బరువెక్కింది. 'డాన్సింగ్ ఇన్ ది డార్క్' డ్రమ్ములు లేకుండా ఎందుకు ఉందో నాకు అర్థం కాలేదు. ఆ పాట అసలు అందం లోపల దిగులు, బయట హుషారు. హుషారు తీసేస్తే దిగులుకి దాక్కునే చోటు ఉండదు.

అదే సూత్రం 'బార్న్ ఇన్ ది యూఎస్ఏ'కి తిరగబడి పనిచేసింది. 1984లో అది డ్రమ్ముల మోతతో వస్తే దేశభక్తి గీతం అనుకున్నారు. ఆ ఏడాది ఎన్నికల ప్రచారంలో రీగన్ కూడా ఈయన పేరు వాడుకున్నాడు. అసలది వియత్నాం నుంచి తిరిగొచ్చి పని దొరకని సైనికుడి పాట. ఇక్కడ గిటారు తీగల మీద స్లయిడ్ గీరుతుంటే రేకు మీద మేకు గీసినట్టుంటుంది, తర్వాత దాదాపు వట్టి గొంతు. ముందుమాటలో తనకి తెలిసిన ఇద్దరి పేర్లు చెప్తాడు, వాల్టర్ సిషన్, బార్ట్ హేన్స్. ఇద్దరూ వియత్నాం పోయి తిరిగి రాలేదు. ఈయన మిలటరీ భర్తీ తప్పించుకున్నాడు. నా బదులు ఎవరు పోయారో అని అప్పుడప్పుడు అనుకుంటాను, ఎవరో ఒకరు పోయే ఉంటారు అంటాడు. ఆ ఒక్క మాట దగ్గర హాలులో చప్పుడు లేదు. నటన కాదనిపించింది అక్కడే. ఈ పాట ఇలా పాడినందుకు మిగతా బోధలన్నీ మాఫ్.

ఇక ప్యాటీ స్కియాల్ఫా వచ్చి రెండు పాటలు కలిసి పాడుతుంది. 1987లో మొదటి పెళ్ళి బీటలు వారుతున్నప్పుడు వచ్చిన 'బ్రిలియంట్ డిస్‌గైజ్'ని, ఇప్పటి భార్యతో పాడటం. మనిషిని ఎంత తెలుసుకున్నా ముసుగు ఉంటుందన్న పాట అది. చప్పట్ల కోసం కాకుండా ఒకరి మొహం ఒకరు చూసుకుని పాడినట్టు వినపడే చోటు ఇదొక్కటే.

డాబా మీద ఆ సాయంత్రం దగ్గరికి వస్తాను. నాయిన లేవలేదు. ఏం చెప్తుండో చెప్పు అన్నాడు. 'లాంగ్ టైమ్ కమింగ్' ముందుమాట నడుస్తోంది. స్ప్రింగ్‌స్టీన్‌కి మొదటి బిడ్డ పుట్టబోతుండగా, వాళ్ళ నాన్న చెప్పాపెట్టకుండా వందల మైళ్ళు కారు నడుపుకుంటూ వచ్చాడు. నువ్వు మమ్మల్ని బాగా చూసుకున్నావు, నేనే నిన్ను సరిగ్గా చూడలేదు అన్నట్టు ఒక మాట అన్నాడు. అంతే. కొడుక్కి అది జీవితంలో అన్నిటికన్నా పెద్ద మాట.

నేను దాన్ని తెలుగులో చెప్పాలి. రోజూ పని మీద పొద్దంతా మాట్లాడే నాకు రెండు వాక్యాలు రాలేదు. "వాళ్ళ నాయిన వచ్చి కొడుకుతోటి మంచిగ మాట్లాడిండంట" అని కుదించేశాను. తల ఊపాడు. పాట అంతా కూర్చున్నాడు. అయ్యాక, "మరి నాయిన మీద గన్ని పాటలు కట్టిండు గదా, ఆయన విన్నడా?" అన్నాడు.

1998లో పోయాడు నాయినా అన్నాను.

"గది కాదు నేను అడిగింది" అన్నాడు. మౌలాలి వైపు పోయే గూడ్సు ఒకటి చాలాసేపు చప్పుడు చేస్తూ పోయింది. అది పోయాక, నీ పాత నోట్‌బుక్కులు బీరువా మీద ఉన్నాయి, చెదలు పడుతున్నాయి, తీసుకుపో అని చెప్పి కిందికి దిగాడు.