చూస్తే చాలదా?

నీట మునిగిన వరిచేలను ఓ పెద్దమనిషి వచ్చి 'తిలకించారని' ఈ వారం ఓ వార్తలో చదివాను. ఒళ్లు మండింది. చేను కుళ్లిపోతుంటే తిలకించడమేమిటండీ, తెప్పోత్సవమా? నా గోల మీకు పాతదే. 'చూశారు' అంటే పోయేదానికి దర్శించు, అవలోకించు, కాంచు ఎందుకు? వాటన్నిటినీ మ్యూజియంలో పెట్టి తాళం వెయ్యమని ఎన్నాళ్లుగానో పోరుతున్నాను.

ఆ విసురులోనే బ్రౌన్ దొర నిఘంటువు తీశాను. రాజమండ్రి కోర్టులోనూ పనిచేసిన మనిషి. పుస్తకం అచ్చయింది 1852లో. 'కను' దగ్గర వేలు ఆగింది. చూడడం, బిడ్డను కనడం, రెండూ ఆ మాటకే ఉన్నాయి. ఇప్పుడు మా ద్రాక్షారామం బజార్లో "నిన్న మీ అబ్బాయిని కన్నాను" అని చూడండి, ఏమవుతుందో!

అలాగని చూపు అర్థం ఎక్కడికీ పోలేదు. గోడమీద 'కనబడుటలేదు' పోస్టరుంది. బస్సు ఎన్నింటికో కనుక్కోమంటాం. కలలు సరేసరి. మొన్న పక్కింటి పిన్నిగారు గుడికి బయల్దేరుతూ, "ఇల్లు కాస్త కనిపెట్టుకుని ఉండు నాయనా" అన్నారు. ఉత్తినే 'చూస్తూ ఉండు' అని ఉంటే, దొంగ బిందె పట్టుకుపోతున్నా చూస్తూ ఉండొచ్చు!

మన పాత చదువు కూడా ఈ క్రియల్ని పెద్దగా పట్టించుకోలేదు. పైడిపాటి లక్ష్మణకవి 'ఆంధ్రనామసంగ్రహం' వల్లెవేసినవాళ్లకు దేవుళ్లకీ చెట్లకీ ఎన్ని పేర్లో నోటికొచ్చేవి. పేర్లకున్నన్ని పద్యాలు పనులకు లేవు. వాటిని పిన్నిగారిలాంటివాళ్ల నోటివెంట వినాల్సిందే.

పిన్నిగారి వెంట ఆ రోజు ఓ చుట్టం కూడా వెళ్లాడు. మా భీమేశ్వరుడిది రెండంతస్తుల లింగం. కింద అడుగుభాగం కనిపిస్తుంది. మెట్లెక్కితే పైభాగం, అభిషేకాలు అక్కడే. ఆ అబ్బాయి కిందే దణ్ణం పెట్టేసి చెప్పుల దగ్గరికి వచ్చేశాడు. "అదేమిట్రా?" అన్నారావిడ. "చూశాను కదండీ" అన్నాడు. "చూశావులే, దర్శనమెక్కడయింది?" అని చెయ్యి పట్టుకుని మళ్లీ మెట్లెక్కించారు.

ఇంటికొచ్చి ఆవిడే ఇదంతా నవ్వుతూ చెప్పారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. నా మ్యూజియంలోంచి దర్శించును అప్పుడే విడిపించేశాను. తిలకించు రథోత్సవం నాడు పనికొస్తుంది, ఉండనిద్దాం; చేలవైపు మాత్రం రానివ్వొద్దు. కాంచును సినిమా పాటలవాళ్లు ఎలాగూ వదలరు.

అవలోకించు సంగతే ఇంకా తేలలేదు.